ఏటీవీల మన్నికపై ఓనర్ల మాట ఎందుకు కలవదు?

సంక్షిప్తంగా: ఏటీవీ (ఆల్ టెర్రైన్ వెహికిల్) అంటే ఎలాంటి నేల మీదైనా నడిచేలా చేసిన చిన్న బండి. ఒకే మోడల్ ఏటీవీని ఒక ఓనరు మొండి బండి అని మెచ్చుకుంటే, ఇంకొకరు ఎప్పుడూ రిపేరేనని విసుక్కుంటారు. చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. బండిలోని డ్రైవ్ రకం, దాన్ని వాడిన నేల, సర్వీసు లెక్కను గంటల్లో చూశారా కిలోమీటర్లలో చూశారా అన్నది ఇద్దరికీ వేరువేరుగా ఉంటుంది. బ్రాండ్ల పేరుతో సాగే ఈ వాదనలో ఎక్కువ భాగం, ఒక్కో డిజైన్ ఎంత అశ్రద్ధను ఓర్చుకోగలదు అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఏటీవీ ఓనర్ల మధ్య ఏళ్ల తరబడి తెగని వాదనలు ముఖ్యంగా మూడున్నాయి. బెల్ట్‌తో నడిచే బండిని నమ్మాలా, గేర్లతో నడిచేదాన్నా? ఇంజన్‌లో కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలా, మంచి ఆయిల్ ఏదైనా చాలా? మాన్యువల్‌లో రాసిన గడువుకు సర్వీసు చేయిస్తే సరిపోతుందా, ఇంకా ముందే చేయించాలా? ఈ మూడింటికీ సూటి సమాధానం ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ అడిగిన ప్రతిసారీ ఒక్కొక్కరు ఒక్కో సమాధానం చెబుతారు, పైగా చాలా గట్టిగా చెబుతారు.

కార్ల విషయంలో ఇంత అయోమయం ఉండదు. ఏటా లక్షల మంది ఓనర్లను అడిగి, మోడల్ వారీగా లెక్క తేల్చే సర్వేలు అక్కడ ఉన్నాయి. ఏటీవీలకు ఆ స్థాయిలో జరిగే స్వతంత్ర సర్వే లేదు. అందుకే సొంత అనుభవమే అందరికీ సాక్ష్యమైంది. ఆ అనుభవాలు ఒకదానికొకటి ఎందుకు పొసగవో తెలియాలంటే బండి లోపలి నుంచి మొదలుపెట్టాలి.

## మోటార్‌సైకిల్ గేరు, స్నోమొబైల్ బెల్టు

హోండా 1970లో తెచ్చిన మూడు చక్రాల బండితో ఈ తరహా వాహనాల అమ్మకం ఊపందుకుంది. నాలుగు చక్రాల బండిని 1980ల మొదట్లో సుజుకి క్వాడ్‌రన్నర్ పరిచయం చేసింది. 1986లో హోండా ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న ఫోర్‌ట్రాక్స్ 350ని తెచ్చాక ఏటీవీ పొలం పనికీ అడవి పనికీ పనికొచ్చే యంత్రమైంది. ఈ జపాన్ కంపెనీలు మోటార్‌సైకిల్ తయారీలో ఆరితేరినవి. కాబట్టి ఏటీవీలోనూ మోటార్‌సైకిల్ పద్ధతినే అనుసరించాయి. ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్, ఆయిల్‌లోనే తిరిగే గేర్లు, అన్నీ ఒకే పెట్టెలో బిగించి ఉంటాయి.

పొలారిస్ వచ్చిన దారి వేరు. ఆ కంపెనీ 1950ల నుంచి మంచు మీద నడిచే స్నోమొబైళ్లు చేస్తోంది. వాటిలో గేర్లు ఉండవు. రెండు పుల్లీల మధ్య తిరిగే రబ్బరు బెల్టే వేగాన్ని మారుస్తుంది. 1985లో పొలారిస్ ఏటీవీల్లోకి దిగినప్పుడు సీవీటీ అనే అదే బెల్టు పద్ధతిని తెచ్చుకుంది. స్కీ-డూ స్నోమొబైళ్లతో పేరు తెచ్చుకున్న బొంబార్డియర్, ఆర్కిటిక్ క్యాట్ కూడా తర్వాత ఏటీవీల్లోకి వచ్చిన కంపెనీలే. ఈ రెండు వంశాల తేడా ఇప్పటి వాదనల్లో కూడా కనిపిస్తుంది.

సీవీటీ పనిచేసే తీరు తెలిస్తే సగం గొడవ అర్థమవుతుంది. ఇంజన్ వేగం పెరిగే కొద్దీ ముందు పుల్లీలోని బరువులు బయటికి జరిగి, పుల్లీ రెండు పలకలనూ దగ్గరికి నెడతాయి. ఆ పలకల మధ్య బెల్టు పైకి ఎక్కుతుంది. వెనక పుల్లీ అదే సమయంలో తెరుచుకుంటుంది. గేరు మారిన కుదుపు ఉండదు, ఎడమ కాలికి పని ఉండదు. అయితే బండి కదలడం మొదలైన క్షణంలో, పుల్లీ బెల్టును పూర్తిగా బిగించి పట్టుకునేలోపు, బెల్టు కొంత జారుతుంది. జారిన చోట వేడి పుడుతుంది. మామూలుగా అయితే ఆ వేడి క్షణాల్లో చల్లారిపోతుంది. కానీ బరువైన ట్రాలీని లాగుతూనో, మోకాలి లోతు బురదలోనో, నిటారు గట్టు మీదో హై రేంజ్‌లో, అంటే మామూలు వేగానికి వాడే గేరులో, మెల్లగా ముందుకు పోతుంటే బెల్టు ఆ జారే దశలోనే ఉండిపోతుంది. రబ్బరు కాలుతుంది, ఒకచోట గుంట పడుతుంది, ఆ తర్వాత బండి కదిలే ప్రతిసారీ కుదుపు మొదలవుతుంది.

లో రేంజ్ గేరు సీవీటీకి వెనక వైపు ఉంటుంది. దాన్ని వేస్తే చక్రాలకు అందే బలం పెరిగి, బెల్టు మీద పడే భారం తగ్గుతుంది. బెల్టు బండ్ల మాన్యువల్‌లు సాధారణంగా మెల్లగా నడిపేటప్పుడూ బరువు లాగేటప్పుడూ లో రేంజ్ వాడమని చెబుతాయి. అయినా చాలామంది లో రేంజ్‌ను బండి ఇరుక్కుపోయాక వాడే చివరి ఆయుధంగానే చూస్తారు. ఒకే మోడల్‌లో ఒకరికి బెల్టు వేల కిలోమీటర్లు వస్తే, ఇంకొకరికి కొన్ని వందలకే తెగిపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే. రెండో ఓనరు కంపెనీని తిడతారు, మొదటి ఓనరు ఆ తిట్లు నమ్మరు.

గేరు బండిలో ఇలాంటి బలహీనమైన లంకె లేదు. క్లచ్ జారినా చుట్టూ ఉన్న ఆయిల్ వేడిని లాక్కుంటుంది. అందుకే గేరు బండి తప్పుగా నడిపినా చాలాకాలం సహిస్తుంది. అలాగని దానికి జబ్బులే లేవని కాదు. బటన్ నొక్కితే గేరు మారే ఎలక్ట్రిక్ షిఫ్ట్ ఉన్న హోండా బండ్లలో యాంగిల్ సెన్సర్, షిఫ్ట్ మోటార్, వాటి కనెక్టర్లు పాడై గేరు పడకపోవడం ఓనర్లందరికీ తెలిసిన సమస్య. పాత మోడళ్ల డ్రమ్ బ్రేకుల్లోకి నీళ్లూ బురదా చేరి, లోపలంతా అరిగిపోవడం కూడా అంతే మామూలు. బ్రేకు పోయినా ఇంజన్ స్టార్ట్ అవుతుంది కాబట్టి ఆ బండిని మొండి బండి అనే అంటారు. బెల్టు తెగితే బండి అడవి మధ్యలో ఆగిపోతుంది కాబట్టి దాన్ని నమ్మరు. ఖర్చు రెండింటికీ ఒకటే కావచ్చు, కానీ ఓనరు మనసులో మిగిలేది బండి ఎక్కడ ఆగిపోయిందన్నదే.

ఈ రెండు పద్ధతులకూ మధ్యేమార్గం కూడా ఉంది. యమహా అల్ట్రామాటిక్ బెల్టుతోనే నడుస్తుంది, కానీ ఆ బెల్టు ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది. బండి కదిలేటప్పుడు జారే పని ఆయిల్‌లో మునిగిన వేరే క్లచ్ చేస్తుంది. కాబట్టి ‘బెల్టు బండ్లన్నీ ఒకటే’ అనే మాట మొదట్లోనే తప్పు. యమహా ఓనరు బెల్టు గురించి చెప్పే అనుభవం పొలారిస్ ఓనరుకు వర్తించదు, అటుది ఇటూ వర్తించదు.

## ఆయిల్ దగ్గర వచ్చే గొడవ

కారు ఆయిలే పోస్తున్నాను, ఏళ్లుగా ఏమీ కాలేదని ఒకరంటారు. అదే పని చేస్తే క్లచ్ జారడం మొదలైందని ఇంకొకరంటారు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడానికి కారణం క్లచ్ ఎక్కడ ఉందన్నదే.

హోండా గేరు బండ్లలోనూ యమహా అల్ట్రామాటిక్‌లోనూ క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే తడుస్తుంది. కార్ల కోసం చేసే కొన్ని ఆయిళ్లలో, ముఖ్యంగా ఇంధనం ఆదా చేస్తాయని ముద్ర వేసిన పలుచటి ఆయిళ్లలో, రాపిడిని తగ్గించే రసాయనాలు ఎక్కువగా ఉంటాయి. ఇంజన్‌కు అవి మంచివే. రాపిడితోనే పనిచేసే క్లచ్ పలకలకు మాత్రం అవి చేటు. ఈ తేడాను గుర్తించడానికే జపాన్ ప్రమాణాల సంస్థ జాసో ఆయిళ్లను ఎంఏ, ఎంబీ అని విడదీసింది. తడి క్లచ్‌కు పనికొచ్చేది ఎంఏ.

పొలారిస్ తరహా సీవీటీ బండ్లలో బెల్టు పొడి గదిలో తిరుగుతుంది. ఇంజన్ ఆయిల్ క్లచ్‌ను తాకదు. అక్కడ ఎంఏ ముద్ర లేకపోయినా క్లచ్ జారే ప్రశ్నే రాదు. ఆ ఇంజన్‌కు కావలసిన చిక్కదనం వేరే సంగతి. పొలారిస్ తన నాలుగు స్ట్రోకుల ఇంజన్లకు 5డబ్ల్యూ-50 ఆయిల్ సిఫారసు చేస్తుంది. చల్లటి ఉదయం తేలిగ్గా పారాలి, వేడెక్కాక కూడా చిక్కదనం నిలవాలి అన్నది దాని ఉద్దేశం. కాబట్టి ఏ ఆయిల్ మంచిదన్న ప్రశ్నకు ముందు ఏ ఇంజన్‌కు అన్నది తేలాలి.

ఇదే గజిబిజి మిగతా నూనెల్లో మరింత నష్టం చేస్తుంది. పొలారిస్ ముందు చక్రాల ఫోర్ వీల్ డ్రైవ్, అవసరమైనప్పుడు తనంతట తానే పట్టుకునే రోలర్ క్లచ్‌తో పనిచేస్తుంది. దానికి ప్రత్యేకమైన ద్రవం ఉంది. చేతికి అందిన చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే రోలర్లు సమయానికి కదలవు, చల్లటి రోజుల్లో ముందు చక్రాలు పట్టుకోవు. అప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ పాడైందని ఫిర్యాదు వస్తుంది. నిజానికి అందులో ఏ భాగమూ విరగలేదు.

ఆయిల్ కొలిచే చోట కూడా తేడాలున్నాయి. కొన్ని బండ్లలో డిప్‌స్టిక్‌ను మర బిగించకుండా ఊరికే దించి చూడాలి, కొన్నింటిలో పూర్తిగా బిగించి తీసి చూడాలి. ఒకదాని పద్ధతి మరోదానిమీద వాడితే ఆయిల్ ఎక్కువో తక్కువో అవుతుంది. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి చేరుతుంది. అది చూసిన ఓనరు ఇంజన్ రింగులు పోయాయని భయపడతారు. పాత పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 500లో ఆయిల్ విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది. ఆయిల్ మార్చాక ట్యాంకు వెంట్ గొట్టాన్ని కాసేపు నొక్కిపట్టి పంపులోకి ఆయిల్ ఎక్కించే పద్ధతి మాన్యువల్‌లో ఉంది. ఇది తెలియకుండా ఆయిల్ మార్చి ఇంజన్‌ను ఎండబెట్టినవారికీ, తెలిసి మార్చినవారికీ ఆ మోడల్ మీద ఒకే అభిప్రాయం ఉండదు.

## గంటలా, కిలోమీటర్లా?

సర్వీసు గడువు మీద నడిచే వాదన పైకి క్రమశిక్షణ గురించి అనిపిస్తుంది. లోపల ఉన్నది మాత్రం లెక్క గురించిన తికమక. ఏటీవీల్లో కిలోమీటర్ల మీటరుతో పాటు, ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు కూడా తరచుగా ఉంటుంది. కంపెనీలు గడువును రెండింటిలోనూ చెప్పి, ఏది ముందు వస్తే దాన్ని పాటించమంటాయి.

ఉదాహరణకు 1000 కిలోమీటర్లు లేదా 100 గంటలు అనే గడువు తీసుకుందాం. అడవి బాటల్లో సగటున గంటకు 25 కిలోమీటర్ల వేగంతో తిరిగే బండి 40 గంటలకే 1000 కిలోమీటర్లు చేరుతుంది. మంచు తోసే బ్లేడు కట్టుకునో, మందు పిచికారీ చేసుకుంటూనో గంటకు 5 కిలోమీటర్లతో కదిలే బండి 100 గంటలు పూర్తయ్యేసరికి 500 కిలోమీటర్లే తిరుగుతుంది. రెండో ఓనరు కిలోమీటర్లు మాత్రమే చూస్తే ఆయిల్ మార్చేసరికి 200 గంటలు దాటిపోతాయి. ‘నా బండి ఇంకా కొత్తదే, 500 కిలోమీటర్లకే ఇంత అరుగుదలా’ అన్న ఆవేదన అక్కడే పుడుతుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి మాన్యువల్‌లో ఒక చిన్న పేరాలో ఉంటుంది. తీవ్రమైన వాడకం కింద కంపెనీలు బురద, నీళ్లు, ఇసుకలో నడపడం, ఎక్కువసేపు తక్కువ వేగంతో బరువు లాగడం, ఆపి ఉంచి ఇంజన్‌ను చాలాసేపు ఆన్‌లో ఉంచడం, చలిలో కొద్ది దూరాలకే వాడి ఆపేయడం వంటివి చేరుస్తాయి. అలాంటి వాడకంలో గడువులను బాగా తగ్గించమని, కొన్ని చోట్ల సగానికి తగ్గించమని కూడా రాస్తాయి. ఈ జాబితాను జాగ్రత్తగా చదివితే, ఏటీవీని జనం కొనేదే ఈ పనుల కోసమని తెలుస్తుంది. అయినా దాదాపు ప్రతి ఓనరూ తనది మామూలు వాడకమే అనుకుంటారు. మాన్యువల్ ప్రకారం చేయించాను అని ఒకరు, ఆ గడువును నమ్మితే ఇంజన్ పోతుందని మరొకరు వాదించుకుంటున్నప్పుడు, ఇద్దరూ ఒకే పుస్తకంలోని రెండు వేర్వేరు గడులు చదువుతున్నారని చెప్పవచ్చు. ఈ వ్యాసంలో చర్చించిన విషయాలన్నిటిలో ఓనర్లకు వెంటనే ఉపయోగపడేది ఈ చిన్న పేరానే.

చలిలో చిన్న ప్రయాణాల సంగతి కొంచెం విడిగా చూడాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే, లోపల చేరిన తేమా కొంత పెట్రోలూ ఆవిరి కాకుండా ఆయిల్‌లో కలిసిపోతాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గడానికి బదులు పెరుగుతుంది. చూసేవారికి ఇది విచిత్రంగా కనిపిస్తుంది, కొందరు మంచిదే అనుకుంటారు కూడా. పలచబడిన ఆయిల్ బేరింగులను సరిగా కాపాడలేదు. ఇలా వాడే బండికి ఆయిల్ మార్చాల్సిన సమయం గంటలతోనూ కిలోమీటర్లతోనూ తేలదు, ఆయిల్ వాసన, రంగు, మట్టం చూసి తేల్చుకోవాలి.

## దుమ్మూ నీళ్లూ చేసే చేటు

మంచి ఇంజన్‌ను త్వరగా చంపేది దుమ్ము. సన్నని ఇసుక దుమ్ములో ఎక్కువగా ఉండే సిలికా చాలా గట్టిది. ఫిల్టర్‌ను దాటి లోపలికి పోయిన కొద్దిపాటి దుమ్ము పిస్టన్ రింగులనూ సిలిండర్ గోడనూ సానరాయిలా అరగదీస్తుంది. కంప్రెషన్ పడిపోతుంది, స్టార్టింగ్ కష్టమవుతుంది, నీలం పొగ వస్తుంది. ఇంత నష్టానికి కారణం చాలాసార్లు ఫిల్టర్ అంచు పెట్టెకు సరిగా ఆనకపోవడమో, ఫోమ్ ఫిల్టర్‌కు నూనె పట్టించకపోవడమో అయి ఉంటుంది. నూనె లేని ఫోమ్ గాలిని ఆపదు, దుమ్మునూ ఆపదు.

ఇక్కడ ఓనర్లలో రెండు పక్షాలున్నాయి. ప్రతి ప్రయాణం తర్వాతా ఫిల్టర్ కడగాలనేవారు ఒకవైపు, ఊరికే తీసి పెట్టడమే ముప్పు అనేవారు మరోవైపు. రెండోవారి మాట వినడానికి బద్ధకంలా ఉన్నా అందులో నిజముంది. ఫిల్టర్ తీసిన ప్రతిసారీ దాని మీది దుమ్ము లోపలి గొట్టంలో రాలే అవకాశం ఉంది, తిరిగి బిగించేటప్పుడు అంచు మడత పడే అవకాశమూ ఉంది. కాగితం ఫిల్టర్‌ను కంప్రెసర్ గాలితో గట్టిగా ఊదితే కంటికి కనబడని చిరుగులు పడతాయి. కానీ వరుసగా పోయే గుంపులో చివరి బండి, ముందున్న బండ్లు లేపిన దుమ్మంతా మింగుతుంది. దాని ఫిల్టర్ ఒక్క రోజులోనే నిండిపోవచ్చు. గుంపు ముందున్న రైడరు, వెనకున్న రైడరు ఒకే రోజు, ఒకే బాట, ఒకే మోడల్ మీద వెళ్లినా వాళ్ల ఇంజన్ల బతుకు ఒకటి కాదు.

నీళ్ల సంగతి మరింత మోసపూరితం. నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) చల్లటి వాగులో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. వెంట్ గొట్టం మూసుకుపోయి ఉంటే, ఆ పీల్పు సీళ్ల అంచుల గుండా నీళ్లను లోపలికి లాగుతుంది. బండి ఆగదు, శబ్దం రాదు. లోపలి నూనె కొన్ని వారాలకు పాలలా తెల్లబడి, బేరింగులు తుప్పు పట్టాక గానీ బయటపడదు. ఆ సమయానికి ఓనరు ఆ వాగును మరిచిపోయి ఉంటారు. అందుకే ఇలాంటి వైఫల్యం ‘ఏ కారణమూ లేకుండా బేరింగు పోయింది’ అనే కథగా చెలామణి అవుతుంది.

కడగడం మీద కూడా పెద్ద తగాదానే ఉంది. బురద వదిలేస్తే తేమ పట్టి తుప్పు వస్తుంది, రేడియేటర్ రెక్కల్లో గడ్డకట్టి ఇంజన్ వేడెక్కుతుంది. కానీ అధిక పీడనంతో దగ్గరి నుంచి కొట్టే నీళ్లు రేడియేటర్ రెక్కలను వంచుతాయి, చక్రాల బేరింగు సీళ్లలోకీ కరెంటు కనెక్టర్లలోకీ దూరతాయి. కడగనివాళ్లదీ, అతిగా కడిగేవాళ్లదీ చివరికి ఒకే బేరింగు పోతుంది. రేడియేటర్‌ను లోపలి వైపు నుంచి మామూలు పైపు నీళ్లతో మెల్లగా కడగడం, మిగతా చోట్ల సీళ్ల మీదికి నేరుగా కొట్టకపోవడం ఇద్దరికీ సరిపోయే పద్ధతి.

## బతికి ఉన్న బండ్లే సాక్ష్యం చెబుతాయి

పాత బండ్లే గట్టివి అనే నమ్మకం ఏటీవీ లోకంలో బలంగా ఉంది. హోండా ఫోర్‌ట్రాక్స్ 300 దీనికి బాగా చెప్పే ఉదాహరణ. 1988 నుంచి 2000 వరకు వచ్చిన ఆ బండ్లు ఇప్పటికీ పనిచేస్తూ కనిపిస్తాయి. ఆ డిజైన్ నిజంగానే సాదా. గాలితో చల్లబడే ఒకే సిలిండర్, కార్బ్యురేటర్, గేర్లు, వెనక ఒకే ఇరుసు. పాడవడానికి భాగాలే తక్కువ. కానీ మధ్యలోనే తుక్కు కింద పోయిన ఫోర్‌ట్రాక్స్‌లు ఎవరి కంటా పడవు. మిగిలిన బండ్లను మాత్రమే చూసి ఆ మోడల్ అంతా అలాగే ఉండేదని అనుకోవడం లెక్కలో జరిగే పొరపాటు.

ఇంకో పొరపాటు ఫిర్యాదుల సంఖ్యను చూసి తీర్పు చెప్పడం. లక్ష బండ్లు అమ్ముడై 2 శాతం పాడైతే 2000 ఫిర్యాదులు వస్తాయి. 5000 మాత్రమే అమ్ముడై 10 శాతం పాడైతే 500 ఫిర్యాదులే వస్తాయి. ఈ అంకెలు ఊహకు తీసుకున్నవి, కానీ తర్కం నిజం. ఎక్కువగా అమ్ముడయ్యే బ్రాండు గురించి చెడు మాటలు ఎక్కువ వినిపించడం సహజం. రీకాల్‌ల లెక్క కూడా ఇంతే. అమెరికాలో ఏటీవీ రీకాల్‌లు వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ పరిధిలోకి వస్తాయి. పెట్రోలు లీకు, మంటలు, థ్రాటిల్ ఇరుక్కుపోవడం, స్టీరింగ్ ఊడిపోవడం వంటి ప్రమాదాల కోసమే అవి జరుగుతాయి. బెల్టు త్వరగా అరిగిపోతోందని రీకాల్ రాదు. కాబట్టి రీకాల్ లేకపోవడం మన్నికకు గుర్తు కాదు. రీకాల్ అయిన బండికి ఆ లోపం సరిచేయించారా లేదా అన్నదే చూడాలి.

ఇక పాతకొత్తల పోలికలో ఒక అన్యాయం కూడా ఉంది. పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 1996లోనే వెనక చక్రాలకు కూడా స్వతంత్ర సస్పెన్షన్ ఇచ్చింది, అంటే ఒక్కో చక్రం విడిగా పైకీ కిందికీ కదులుతుంది. గతుకుల్లో నడుము నొప్పి తగ్గింది, రాళ్ల మీద పట్టు పెరిగింది. దానికి బదులుగా భాగాలు పెరిగాయి. వెనక ఒకే ఇరుసు ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు రెండు షాఫ్టుల మీద, జాయింట్లను కప్పే రబ్బరు తొడుగులు, అంటే బూట్లు, 4 ఉంటాయి. నాలుగు చక్రాలకూ స్వతంత్ర సస్పెన్షన్ ఉంటే 8 ఉంటాయి. ఒక్క బూటు చిరిగి పట్టించుకోకపోతే గ్రీజు బయటికి, ఇసుక లోపలికి పోయి ఆ జాయింటు కొద్ది రోజుల్లోనే అరిగిపోతుంది. చిరిగే అవకాశం ఉన్న చోట్లు రెట్టింపయినప్పుడు, అదే శ్రద్ధకు రెట్టింపు రిపేర్లు వస్తాయి. ఇంజన్ శక్తి విషయమూ అంతే. స్పోర్ట్స్‌మన్ 570 శక్తి 44 హార్స్‌పవర్. 1000 సీసీ తరగతి బండ్లు దానికి రెట్టింపు దగ్గర ఉన్నాయి. ఆ శక్తినంతా మోసేది ఇదే రకం బెల్టు, ఇదే రకం జాయింట్లు. పెద్ద బండి నాసిరకంగా చేసినందువల్ల కాదు, తప్పుకు తక్కువ చోటు ఇచ్చినందువల్ల త్వరగా మొరాయిస్తుంది.

## ఓనరు చేసిన మార్పులు

పెద్ద టైర్లు వేసిన బండి గురించి వచ్చే ఫిర్యాదును విడిగా తీసి చూడాలి. 26 అంగుళాల టైర్ల స్థానంలో 30 అంగుళాలవి వేస్తే చక్రం చుట్టుకొలత దాదాపు 15 శాతం పెరుగుతుంది. అంటే బండి ఎప్పుడూ ఒక మెట్టు పై గేరులో నడుస్తున్నట్టే. బెల్టు మరింతసేపు జారుతుంది. పైగా టైరు బరువు పెరిగి జాయింట్ల మీద భారం పడుతుంది. లిఫ్ట్ కిట్ వేసి ఎత్తు పెంచితే షాఫ్టుల కోణం పెరిగి బూట్లు నలుగుతాయి. సీవీటీ బరువులూ స్ప్రింగులూ కొత్త టైర్లకు తగ్గట్టు మార్చకపోతే బెల్టు నిలవదు. బురదలో ఆడేవాళ్లు ఇది తెలిసే చేస్తారు. వాళ్ల అనుభవాన్ని కంపెనీ నుంచి వచ్చినట్టే వాడే బండికి అన్వయించడమే తప్పు.

## కరెంటు పోతే కంప్యూటర్ గగ్గోలు

కార్బ్యురేటర్ బండ్ల కాలంలో నిల్వ పెట్రోలే పెద్ద శత్రువు. నెలల తరబడి ఆపి ఉంచితే పెట్రోలు జిగురుగా మారి సన్నని జెట్టును మూసేస్తుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలు తేమను కూడా పీల్చుకుంటుంది. ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చాక ఈ బాధ బాగా తగ్గింది. బదులుగా బ్యాటరీ కీలకమైంది. బ్యాటరీ వోల్టేజీ కొంచెం పడిపోతే చాలు, పవర్ స్టీరింగ్ ఆగిపోవడం, ఫోర్ వీల్ డ్రైవ్ పట్టకపోవడం, సంబంధం లేని సెన్సర్ల తప్పు కోడ్లు ఒకేసారి కనిపించడం మొదలవుతుంది. దీన్ని చూసి ఎలక్ట్రానిక్స్ అంతా చెత్త అనుకుని సెన్సర్లు మార్చుకుంటూ పోయేవారున్నారు. బలహీనమైన బ్యాటరీ, తుప్పు పట్టిన ఎర్త్ తీగ, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) వాడకంతో ఖాళీ అయిన ఛార్జి, వీటిని ముందు చూసుకుంటే అలాంటి బండ్లలో చాలా వరకు మళ్లీ దారికొస్తాయి. తాళం వేసిన షెడ్డులో నెలలు గడిపే బండికి ఛార్జి తగ్గకుండా చూసే బ్యాటరీ మెయింటైనర్ పెట్టడం, సర్వీసు చేయించడం కంటే తక్కువ శ్రమ.

## వారంటీ దగ్గర వచ్చే అపార్థం

ఏటీవీలకు కంపెనీ ఇచ్చే వారంటీ కార్ల కంటే చాలా తక్కువ కాలం ఉంటుంది. 6 నెలలు, 1 సంవత్సరం వంటి గడువులు మామూలు. బెల్టు, బూట్లు, బేరింగులు అరిగేది దాదాపు ఆ గడువు దాటాకే. కాబట్టి మొదటి పెద్ద ఖర్చు నేరుగా ఓనరు మీదే పడుతుంది, కోపం కూడా అప్పుడే వస్తుంది. షోరూంలో సర్వీసు చేయించకపోతే వారంటీ పోతుందనే భయం కూడా ఉంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప, తమ బ్రాండు విడిభాగాలే వాడాలన్న షరతుకు వారంటీని కట్టిపడేయడం కుదరదు. అయితే వైఫల్యం ఓనరు చేసిన పనివల్లే వచ్చిందని కంపెనీ చూపితే ఆ క్లెయిము నిలవదు. అందుకే ఇంట్లో సర్వీసు చేసుకునేవారు ఏ తేదీన, ఎన్ని గంటల దగ్గర, ఏ ఆయిల్ పోశారో రాసి, బిల్లులు దాచుకోవడం అవసరం.

## ఓనరు మాటను ఎలా తూచాలి

ఈ తేడాలన్నీ ఎక్కువగా తాకేది పాత బండి కొనేవారిని. బ్రాండు పేరు అడగడం కంటే మీటర్ల మీది రెండు అంకెలను భాగించి చూడటం ఎక్కువ చెబుతుంది. 3000 కిలోమీటర్లు, 200 గంటలు ఉంటే సగటు వేగం గంటకు 15 కిలోమీటర్లు. బాటల మీద మామూలుగా తిరిగిన బండి అది. 1200 కిలోమీటర్లకు 400 గంటలు ఉంటే సగటు 3 కిలోమీటర్లే. ఆ ఇంజన్ ఎక్కువకాలం నిలబడి నడిచింది, లేదా బరువులు లాగింది. దాన్ని తక్కువ తిరిగిన బండి అనుకుని కొంటే మోసపోయినట్టే. ఆ తర్వాత ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచి ఫిల్టర్‌కు లోపలి వైపున వేలితో తుడవాలి. అక్కడ దుమ్ము తగిలితే ఇంజన్ లోపలికి కూడా దుమ్ము పోయిందనే అర్థం. డిఫరెన్షియల్ నూనె రంగు, బూట్ల మడతలు, చక్రాన్ని పట్టుకుని ఊపితే వచ్చే ఊగు, ఇవి ఓనరు చెప్పే మాట కంటే నమ్మదగిన సాక్ష్యాలు.

ఎవరైనా ఒక మోడల్‌ను పొగిడినా తిట్టినా అడగాల్సినవి కొన్నే. అది ఏ డ్రైవ్? టైర్లు కంపెనీవేనా? లో రేంజ్ ఎప్పుడెప్పుడు వాడేవారు? ఎన్ని గంటలకు ఆయిల్ మార్చేవారు? నీళ్లలో దిగేదా? వీటికి జవాబు చెప్పగలిగిన ఓనరు మాటకు, అది ఫిర్యాదైనా సరే, విలువ ఉంటుంది. సెలవు రోజుల్లో నెలకు ఒకసారి బయటికి తీసేవారికి, అశ్రద్ధను ఎక్కువగా ఓర్చుకునే గేరు బండి నప్పుతుంది. రోజంతా గతుకుల్లో కూర్చుని పనిచేసేవారికి స్వతంత్ర సస్పెన్షన్ ఉన్న బెల్టు బండి ఇచ్చే సుఖం, నెలకోసారి కింద దూరి బూట్లు చూసుకునే శ్రమకు తగినదే. ఆ శ్రమ పడలేనివారు మాత్రం అదే బండిని కొన్నాక రెండేళ్లలో తిట్టడం మొదలుపెడతారు.